గ్రంథాలయంలో పుస్తకాలను వర్గీకరించి జాబితా రాసే కేటలాగర్ పుస్తకం మొత్తం చదివాకే నంబరు వేస్తారా?

అక్కర్లేదు, టైటిల్ పేజీ, విషయసూచిక, ముందుమాట పరిశీలించి, ప్రధాన విషయం తేల్చుకుని వర్గసంఖ్య, అంటే ఆ విషయాన్ని సూచించే సంఖ్య, ఇస్తారు. ఒకే విషయంపై వచ్చిన పుస్తకాలు పాఠకుడికి పక్కపక్కన దొరకాలన్నదే దీని ఉద్దేశం. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ 1852లో వెలువరించిన తెలుగు నిఘంటువు, విషయాలను సంఖ్యలతో వర్గీకరించే డ్యూయీ దశాంశ పద్ధతిలో భాషకు చెందిన 494.827 కిందికి చేరితే, ఆయనే 1829లో అచ్చువేయించిన వేమన పద్యాలు సాహిత్యానికి చెందిన 894.827 కిందికి వెళ్తాయి. ఈ రెంటినీ కలిపి చూపేది గ్రంథాలయ పుస్తకాల జాబితా అయిన కేటలాగు ఒక్కటే కనుక, ఒకచోట ‘బ్రౌన్, సి.పి.’ అని, మరోచోట ‘చార్లెస్ ఫిలిప్ బ్రౌన్’ అని రాస్తే పాఠకుడికి సగం పుస్తకాలు కనిపించకుండా పోతాయి. పేరును ఒకే రూపంలో నిలపడం ఈ పనిలో అత్యంత కీలకం. పుస్తకం వెన్నుమీది సంఖ్యను కొన్న వరుసలో వేసినదిగా చాలామంది పొరబడతారు, కానీ ఆ వరుస సంఖ్య వేరు. దాన్ని అక్సెషన్ నంబరు అంటారు, అది సాధారణంగా లోపలి పేజీలో గ్రంథాలయ ముద్రతోపాటు ఉంటుంది.