ఫిజిక్స్ చదువుతానన్న అమ్మాయికి ఏఐ సీటు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. ఎప్‌సెట్ ర్యాంకుకు ప్రైవేటు కాలేజీలో ఏఐ అండ్ ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) ఇంజనీరింగ్ సీటు వస్తుంది. తను మాత్రం బీఎస్సీ ఫిజిక్స్ అంటోంది. మావారు ససేమిరా అంటున్నారు. రెండింట్లో ఏది మంచిది? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, కౌన్సెలింగ్ మొదలైందంటే నాకు రోజూ వచ్చే ప్రశ్నే ఇది. మీరు కోర్సుల గురించి అడిగారు గానీ, మీ బెంగంతా "ఇంత ర్యాంకు వచ్చి డిగ్రీలో చేర్చారా" అని చుట్టాలు అంటారనే. అమ్మాయికి ఫిజిక్స్ ఎందుకు ఇష్టమో మీరు ఒక్క ముక్కా రాయలేదు. అసలు అడిగారా? అడగకుండానే ససేమిరా అనడం పెద్ద తప్పు. ఈ మాట మీవారికి కూడా చదివి వినిపించండి.

ఏఐ మంచి చదువే. ఆ పేరు పెట్టి నింపుతున్న సీట్ల మీదే నాకు అనుమానం. దానికి పునాది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, కాలిక్యులస్ అనే లెక్కలు. నేను చూసిన చాలా కాలేజీల్లో సెక్షన్లు పెరిగాయి, వీటిని ఓపిగ్గా చెప్పే లెక్చరర్లు పెరగలేదు. నాలుగేళ్లు ఫీజు కట్టి, చివర్లో మళ్లీ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు డబ్బు వెతుక్కునే తల్లిదండ్రులు నా దగ్గరకు వస్తూనే ఉన్నారు. ఇంకో మాట. 2024లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చింది ఇప్పటి ఏఐకి ఆధారమైన న్యూరల్ నెట్‌వర్కులకు పునాది వేసిన పనికే. అందుకున్న ఇద్దరిలో జాన్ హాప్‌ఫీల్డ్ ఫిజిక్స్ చదివిన మనిషే. ఇప్పుడు ఫిజిక్స్‌లో చేరితే ఏఐ తలుపు మూసుకుపోతుందని భయపడకండి.

ఉద్యోగాల విషయం దాచను. బీఎస్సీతో ఆపేస్తే దారులు తక్కువ. ఎమ్మెస్సీ దాకా చదివిస్తామనుకునే చేర్చండి. జామ్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ, సీయూఈటీ పీజీ అనే ఇంకో ప్రవేశ పరీక్షతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. ఆ తర్వాత బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్, పీహెచ్‌డీ, లెక్చరర్ పోస్టులు ఉన్నాయి.

బీఎస్సీ మొదటి సెమిస్టర్‌లో మాత్రం మార్కులు తగ్గొచ్చు. టాపర్లకూ తగ్గుతాయి. ఇంటర్‌లో ఫార్ములా గుర్తుంటే బిట్ పెట్టేయొచ్చు. ఇక్కడ ఆ ఫార్ములా ఎలా వచ్చిందో రాయాలి. స్ప్రింగుకు వేలాడే బరువు ఇంటర్‌లో చూసిందే. ఇప్పుడు గాలి నిరోధాన్ని కూడా కలిపి, ఆ ఊపు మెల్లగా ఎలా తగ్గుతుందో డిఫరెన్షియల్ ఈక్వేషన్‌తో తేల్చాలి. ఆ రోజుల్లో "మేం ముందే చెప్పాం" అని మాత్రం అనకండి, టెన్షన్ పడకండి. ఇష్టంతో చేరిన పిల్లలు రెండో సెమిస్టర్‌కల్లా కుదురుకోవడం నేను చాలాసార్లు చూశాను.

దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ కౌన్సెలింగ్) ఆప్షన్లు పెట్టే ముందు అమ్మాయిని తీసుకుని రెండు మూడు కాలేజీలకు వెళ్లండి. ఫిజిక్స్ ల్యాబ్ చూపించమనండి. విద్యార్థులు పెండ్యులం ఊపి స్టాప్‌వాచ్ పట్టుకుని కొలుస్తుంటే సరే. తలుపుకు తాళం ఉండి, రికార్డులు మాత్రం నిండి ఉంటే ఆ కాలేజీ పేరు లిస్టులోంచి కొట్టేయండి.