మనీప్లాంట్ బోడి తీగకి కత్తెరే మందు

విజయనగరంలో మీ మనీప్లాంట్ ఆరడుగులు సాగినా మొదలు దగ్గర ఆకుల్లేక బోడిగా ఉందన్నారు కదండీ. ఎరువు పెంచితే తీగ ఇంకా సాగుతుందంతే. కొస పెరుగుతున్నంతకాలం కింది కణుపుల్లోని మొగ్గలు నిద్రలోనే ఉంటాయి. కొస తీసేస్తే లేస్తాయి.

కుండీ అంచు నుంచి జానెడు వదిలి, కణుపు దాటాక అర అంగుళంలో కోయండి. కత్తెర ముందు స్పిరిట్‌తో తుడవాలి. ఒక్కసారే గుండు కొట్టొద్దు, మూడోవంతు తీగలు చాలు.

అసలు గుబురు వచ్చేది కోసిన ముక్కలతోనే. ముక్కకి రెండు కణుపులుండాలి. వాటిని వేర్లు వచ్చేదాకా నీళ్లలో పెట్టండి. కణుపు దగ్గరి గోధుమరంగు బుడిపె నీళ్లలో మునగాలి, ఆకు మాత్రం మునగకూడదు, కుళ్లిపోతుంది. రెండంగుళాల వేరు రాగానే అదే కుండీలో ఖాళీగా ఉన్నచోట గుచ్చేయండి. వానలు మొదలైనప్పుడైతే త్వరగా పట్టుకుంటాయి. కుండీ చీకటి మూలనుంటే మాత్రం మళ్లీ ఇదే కథ, కిటికీ దగ్గరికి జరపండి.