మీ తాతయ్య చెవి తమ్మె చూశావా?

అమ్మాయీ,

నీ కథ బుధవారం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను.

ముందు బాగున్నది చెప్తాను. హాస్టల్ బాత్రూంలో ఆ పిల్ల మణికట్టు మీద కొత్తగా వేయించుకున్న టాటూ పైనున్న ప్లాస్టిక్ పొర మెల్లగా ఊడదీస్తుంది. లోపల చేరిన నల్లటి చెమ్మ కుళాయి కింద కారిపోతుంటే, బొమ్మ కూడా కారిపోతుందేమోనని ఒక్క క్షణం చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. నా పెన్సిల్ అక్కడ ఆగిపోయింది. కళ్ళతో చూసినవాళ్ళే అలా రాయగలరు. ఆ పేజీలో ఒక్క మాట మార్చకు.

ఆ తర్వాత పిల్ల ఊరికొస్తుంది. అరుగు మీద తాతయ్య కూర్చుని ఉంటాడు. అక్కడి నుంచి కథ నీ చేతిలో లేదు. ఆయన పిల్ల చెయ్యి చూసి, ముక్కు రింగు చూసి, "మన సంస్కృతి ఏమైపోతోంది" అంటాడు. "మా కాలంలో ఇలాంటివి ఉన్నాయా" అంటాడు. ఆయనకి చేతికర్ర ఉంది, కండువా ఉంది, కోపం ఉంది. ఒళ్ళు మాత్రం లేదు. ఒంటి మీది గుర్తుల గురించి రాసిన కథలో ఒళ్ళు లేని మనిషిని పెట్టావు. ఇంత పొడుగు ఉత్తరం రాయాలనిపించింది అందుకే.

"మా కాలంలో ఇలాంటివి ఉన్నాయా" అని ఆయన అనలేడమ్మా. ఉన్నాయి. ఆయన్ని పెంచిన అమ్మ చేతి నిండా ఉండి ఉంటాయి. ఆయన వద్దనొచ్చు, గట్టిగానే వద్దనొచ్చు. కానీ ఎందుకు వద్దంటున్నాడో అది ఆయన బతుకులోంచి రావాలి.

మా అమ్మ సంగతి చెప్తాను. ఆమె గడ్డం మీద మినపగింజంత పచ్చబొట్టు ఉండేది. ఆరేళ్ళప్పుడు వాళ్ళ ఊళ్ళో పొడిపించారు. 1957లో టీచరు ఉద్యోగం వచ్చి పట్నానికి వచ్చింది. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా రోజూ పొద్దున ఒకటే వరస. గోడకి తగిలించిన చిన్న అద్దం ముందు నిలబడి, పౌడర్ డబ్బా మూత తీసి, చూపుడువేలితో గడ్డం మీద అద్దుకునేది. ఒకసారి అద్దితే మచ్చ బూడిదరంగులోకి మారేది. రెండోసారి అద్దేది. మూడోసారి అద్దాక తలుపు దగ్గర వెలుతురులోకి వచ్చి, తల కొంచెం పైకెత్తి, "కనపడుతోందా?" అని నన్ను అడిగేది. లేదనేదాన్ని. మధ్యాహ్నానికల్లా చెమటకి పౌడర్ పోయి అది మళ్ళీ పైకి తేలుతుందని నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.

ఎందుకమ్మా ఇంత టెన్షన్ అని ఒకసారి అడిగాను. "పల్లెటూరి మొద్దు అనుకుంటారే" అంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో ఆ మాట అననే అన్నారట. ఎవరన్నారో చివరిదాకా చెప్పలేదు.

2009లో మా అమ్మాయి, అప్పటికి బెంగళూరులో ఉద్యోగం, మణికట్టు మీద చిన్న పిట్ట బొమ్మ వేయించుకుని సంక్రాంతికి వచ్చింది. అమ్మకి అప్పుడు 71 ఏళ్ళు. తిట్టలేదు. మనవరాలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఎంతైంది?" అని అడిగింది. మూడు వేలని చెప్పింది పిల్ల. "నాది ఎవరైనా తీసేస్తామంటే అంతకంటే ఎక్కువే ఇచ్చేదాన్ని" అంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

చూశావా, ఆమె బాధలో సంస్కృతి లేదు. దాదాపు నలభై ఏళ్ళు పౌడర్ కింద దాచుకున్న మచ్చని మనవరాలు డబ్బులిచ్చి కొనుక్కొచ్చింది. మరి తను పడిన సిగ్గంతా ఏ లెక్కలో వేసుకోవాలి? ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మర్నాడు పొద్దున లేవగానే ఆమె పిల్లని అడిగిన మొదటి మాట "నొప్పెట్టిందా?" అని. నాకు తెలిసి మా అమ్మకి ఆ పిట్ట ఎప్పుడూ నచ్చలేదు. కానీ ఆ ప్రశ్న అడిగింది. నీ తాతయ్య దగ్గర అలాంటి ప్రశ్న ఒక్కటి కూడా లేదు.

మా నాయనమ్మది ఇంకో దారి. ఆమె ఎప్పుడూ దేన్నీ దాచుకోలేదు. కుడి చేతి మీద తేలు, తులసికోట, ఎడమ ముంజేతి మీద మా తాత పేరు, నుదుటి మీద రెండు కనుబొమల మధ్య ఒక చుక్క. పొడిచింది ఎరుకల ఆవిడ. గంప దించి, అరుగు మీద కూర్చుని, మూడు సూదులు కలిపి దారంతో కట్టి, దీపం మసిలో ఆకు పసరు కలిపి పొడిచిందట. పిల్ల ఏడవకుండా పాట పాడుతూ పొడిచేదట. తర్వాత పసుపు పట్టించి, చేటెడు బియ్యం తీసుకుని వెళ్ళిందట. మసి నల్లగానే ఉంటుంది, చర్మం కిందికి దిగాక పచ్చగా కనపడుతుంది. అందుకే మనకి అది పచ్చబొట్టు. మాటలోనే బొట్టు ఉంది, గమనించావా?

మా తాత పోయినప్పుడు ఊరి ఆడవాళ్ళు చుట్టూ చేరి నాయనమ్మ గాజులు పగలగొట్టారు, మెట్టెలు తీశారు, కుంకుమ చెరిపారు. కుంకుమ కింద పచ్చబొట్టు ఉంది. దాన్ని ఎవరూ ఏం చేయలేకపోయారు. చచ్చినా ఒంటి మీద నుంచి ఎవరూ ఒలుచుకోలేని సొమ్ము పచ్చబొట్టు ఒక్కటేనని పాతకాలపు ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. అదేదో ఊరికే అనుకునే మాట అనుకున్నాను. ఆమె ఆ తర్వాత ఇంకో ఇరవై రెండేళ్ళు బతికింది, బొట్టుతోనే.

నాకు పదిహేనేళ్ళప్పుడు ఆమెని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చీటీ రాసే అతను భర్త పేరు అడిగాడు. నాయనమ్మ నోటితో తాత పేరు పలకదు, ఆ కాలపు అలవాటు. పలకకుండా చెయ్యి కౌంటర్ మీద పెట్టింది. వయసుకి చర్మం ముడతలు పడి అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. నేనే రెండు వేళ్ళతో ముడతలు సాగదీసి పట్టుకున్నాను. అతను మెడ ముందుకి చాచి, కూడబలుక్కుని చదివి రాసుకున్నాడు. ఆ చర్మం ఎంత పల్చగా, ఎంత వేడిగా ఉందో నా వేళ్ళకి ఇప్పటికీ గుర్తే.

ఇప్పుడు చెప్పు. "పెద్దతరం పచ్చబొట్లకి వ్యతిరేకం" అని రాస్తే మా నాయనమ్మ ఎక్కడికి పోవాలి? మా అమ్మ ఎక్కడికి పోవాలి? ఒకే ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు. ఒకామెకి అది సొమ్ము, ఒకామెకి మచ్చ. నీ తాతయ్య వీళ్ళిద్దరికీ మధ్య ఎక్కడో నిలబడి ఉంటాడు. ఎక్కడ నిలబడ్డాడో నువ్వు కనిపెట్టాలి.

కనిపెట్టడానికి కొంత చరిత్ర కూడా తెలియాలి. ఆ మచ్చకి సిగ్గు ఎలా అంటుకుందో చూడు. బ్రిటిష్ వాళ్ళ ఏలుబడిలో యావజ్జీవ ఖైదీల నుదుటి మీద నేరం పేరు పచ్చ పొడిచేవాళ్ళు. 1797లో బెంగాల్లో మొదలైంది, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, 1849లో రద్దయింది. పచ్చబొట్లు పొడిచే ఎరుకల వాళ్ళనైతే మొత్తం కులాన్నే నేరస్థ జాతుల జాబితాలో రాసేశారు. ఆ చట్టం 1871 నాటిది, మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది 1911లో, దేశమంతటా పూర్తిగా పోయింది 1952లో. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. పాట పాడుతూ పిల్లల చేతుల మీద తులసికోట గీసిన మనిషిని ఊరి పొలిమేరలో పోలీసు ఆపి సోదా చేస్తుంటే, ఆమె గీసిన గీతకి మర్యాద ఎక్కడ మిగులుతుంది? మా అమ్మకి ఆ మాట అన్న మనిషి నోట్లో ఇదంతా ఉంది, ఆ మనిషికి తెలియకపోయినా.

ఇవేవీ కథలో పెట్టకు. ఒక్క సంవత్సరం కూడా వేయకు. నీకు తెలిసి ఉంటే చాలు, తాతయ్య మాట తీరు దానంతటదే మారుతుంది.

ఇక చెవులూ ముక్కూ. నీ కథలో ఇది ఇంకా పల్చగా ఉంది. మనవాళ్ళు కుట్టడాన్ని ఎప్పుడు వద్దన్నారు? మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, కంసాలిని పిలిచి, బంగారు తీగతో పసిదాని చెవులు కుట్టిస్తాం. అది గుక్కపట్టి ఏడుస్తుంటే నోట్లో బెల్లం ముక్క పెడతాం. చిల్లు పూడిపోకుండా చీపురుపుల్ల గుచ్చి, పసుపూ కొబ్బరినూనే రాస్తాం. బెజవాడ దుర్గమ్మ ముక్కుపుడకని కృష్ణమ్మ అందుకున్ననాడు కలియుగం ముగుస్తుందని చెప్పుకునే జనం మనం. మన ముత్తవ్వలు రెండు ముక్కుపుటాల మధ్య బులాకీ పెట్టుకున్నారు. అదే చోట ఇప్పుడొక పిల్ల రింగు పెట్టుకుంటే "ఎద్దుకి ముకుతాడేసినట్టుంది" అంటారు. ఈ మాట నేను మా బజార్లోనే విన్నాను, అన్నావిడకి రెండు ముక్కుపుటాలూ కుట్టి ఉన్నాయి. ఆవిడ ముక్కు కుట్టినప్పుడు అడిగినవాళ్ళు లేరు. ఈ పిల్ల ఎవర్నీ అడగకుండా కుట్టించుకుంది. నాకు తోచిన తేడా ఇదే. నేను చూసినంతలో పెద్దవాళ్ళని ఎక్కువగా గుచ్చేది ఇదే: సూది కాదు, తమని అడగకపోవడం. పిల్ల ఒళ్ళు తమ చేతుల్లోంచి జారిపోయిందన్న సంగతి ఆ రింగు రూపంలో కళ్ళ ముందు కనపడుతుంది.

మగవాళ్ళ చెవులు కూడా చూడు. అమరావతి శిల్పాల్లో మగవాళ్ళ చెవులకి ఎంత బరువైన కుండలాలుంటాయో మ్యూజియంలో చూసే ఉంటావు. అంత వెనక్కి వద్దు, మన తాతల చెవులకి ఒంట్లు ఉండేవి, పోగులు ఉండేవి. నీ కథలో హీరోయిన్ తమ్ముడు ఒక చెవికి పోగు పెట్టుకున్నందుకు తాతయ్య కర్ర ఎత్తుతాడు కదా. ఆ తాతయ్య చెవి తమ్మెకి చిల్లు లేదా? ఉంటే పోగు ఏమైంది? అమ్మేశాడా? కూతురి పెళ్ళికా, కొడుకు కాలేజీ ఫీజుకా? లేక ఉద్యోగానికి వెళ్తూ, మా అమ్మ పౌడర్ అద్దుకున్నట్టు, తనూ సిగ్గుపడి తీసేశాడా? పూడిపోయిన చిల్లు దగ్గర చర్మం చిన్న గుంటలా ఉంటుంది, గింజ తీసేసిన కాయలా. ఆ గుంటని మనవడు మొదటిసారి చూసే చోట నీ కథ ఉందేమో చూడు.

పెద్దవాళ్ళు చెప్పే కారణాల్లో నిజమైనవీ ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసేయకు. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ రావచ్చు, హెచ్‌ఐవీ రావచ్చు. తిరునాళ్ళలో బ్యాటరీ మెషిన్‌తో వరసగా పది చేతుల మీద గీసేవాడి దగ్గర ఆ భయం న్యాయమైనదే. లేజర్‌తో తీయించుకోవాలంటే ఎన్నోసార్లు తిరగాలి, వేయించుకున్నదానికంటే ఖర్చెక్కువ, నొప్పీ ఎక్కువే. సైన్యంలో చేరాలంటే ముంజేతి లోపలి వైపూ అరచేతి వెనక వైపూ తప్ప ఇంకెక్కడా ఉండకూడదు, ఆచారంగా పొడిపించుకునే గిరిజనులకి మాత్రం మినహాయింపు. పాదం మీద దేవుడి బొమ్మ చూస్తే మా ఇంటి పక్కాయనకి నిజంగా కళ్ళలో నీళ్ళొస్తాయి, అది నటన కాదు. తాతయ్య వాదిస్తే ఇలాంటి గట్టి మాటతో వాదించనీ. చదివేవాళ్ళకి ఒక్క నిమిషం ఆయనే రైటేమో అనిపించాలి. మనవరాలు గెలవాలని ఆయన్ని ముందే బలహీనుణ్ణి చేస్తే, ఆమె గెలిచింది ఎవరి మీద?

ఇప్పుడు నీ ముగింపు. తాతయ్య మనవరాలి చేతి మీది బొమ్మలో తన పేరు దాగుందని తెలుసుకుని ఏడుస్తాడు, ఇద్దరూ కావలించుకుంటారు. తీసెయ్యి. కష్టపడి రాశావని తెలుసు, అయినా తీసెయ్యి. నేనూ ముప్పై ఏళ్ళప్పుడు మా నాయనమ్మ మీద ఇలాంటి కథే రాశాను. అందులో ఆమె చివరికి మనవరాలి చదువు చూసి తన పచ్చబొట్లకి సిగ్గుపడుతుంది. ఆమె జన్మలో సిగ్గుపడలేదు. నా కథ చక్కగా ముగియాలని ఆమె చేత సిగ్గుపడించాను. అచ్చయ్యేనాటికి ఆమె లేదు, క్షమాపణ చెప్పుకోవడానికి కూడా వీల్లేకపోయింది. ఆ పని నువ్వు చేయకు. మీ తాతయ్యకి నచ్చకపోతే నచ్చనట్టే ఉండనీ. నచ్చకుండానే ఆయన ఆ పిల్ల కంచంలో పెరుగు వేయగలడు.

చేయాల్సిన పని ఒకటి చెప్తాను. ఈ ఆదివారం ఇంటికి వెళ్తున్నానని రాశావు కదా. తాతయ్యకి తలంటుకి ముందు నూనె నువ్వు రాయి. కథ గురించి ఏమీ అడగకు. నూనె చేతులు చెవుల దాకా ఎలాగూ వెళ్తాయి. తమ్మెని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూడు. గుంట తగిలితే, "ఇదేంటి తాతయ్యా?" అను, ఆ తర్వాత ఆయన్నే మాట్లాడనివ్వు. తగలకపోతే వాళ్ళమ్మ చేతుల మీద ఏమేం బొమ్మలుండేవో అడుగు. ఫోన్‌లో రికార్డు చేయకు, రాత్రికి గుర్తున్నంత రాసుకో.

ఆ పేజీలు నాకు పంపు. కథ తర్వాత చూద్దాం.

ప్రేమతో,
మీ అమ్మమ్మ వయసు మనిషి