చేపల బండి కొనొచ్చా, మేస్త్రి గారూ?

ప్రశ్న: మేస్త్రి గారూ, మాకు విశాఖ కొమ్మాదిలో చిన్న కూరగాయల కొట్టు ఉంది. రోజూ తెల్లవారుజామున ఆనందపురం మార్కెట్ నుంచి సరుకు తెచ్చుకుంటాం. ట్రాలీ ఆటోకి రోజుకి 700 ఇస్తున్నాం. మా ఆయన ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక పాత బొలెరో పికప్ చూసి వచ్చారు. 2012 మోడల్, ఇన్నాళ్లూ చేపలు మోసిన బండి. 1,30,000 చెబుతున్నారు. పొగ వస్తోంది, ఇంజన్‌కి కొంచెం పని ఉంది, 30 వేలు పెడితే అయిపోతుంది అంటున్నాడట అమ్మే అతను. డబ్బుకి నా గాజులు కుదువ పెట్టాలి. నాకేమో టెన్షన్‌గా ఉంది. కొనమంటారా? నడిపేది మా మరిది. అతనికి కారు లైసెన్స్ ఉంది, సరిపోతుందా?
– ఒక సోదరి, కొమ్మాది

జవాబు: అమ్మా, మీరు పొగ గురించి భయపడుతున్నారు. నేను మీ ఉత్తరంలో ‘ఫిషింగ్ హార్బర్’ అన్న మాట దగ్గర ఆగిపోయాను.

చేపల బుట్టల కింద ఐసు కరుగుతుంది. ఆ ఉప్పునీళ్లు తొట్టి అతుకుల్లోంచి కారి చాసీ మీద, అంటే బండినంతా మోసే కింది ఇనుప చట్రం మీద పడతాయి. దానికి సముద్రపు గాలి తోడు. ఏళ్ల తరబడి రోజూ ఇదే జరిగితే ఇనుము లోపల్లోపలే పొరలు పొరలుగా లేచిపోతుంది. పైన రంగు వేసేస్తే ఏమీ కనపడదు.

గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు పెట్టిన కొత్తలో నేనూ ఇలాగే హార్బర్‌లో తిరిగిన ఒక మినీ లారీ చవగ్గా వచ్చిందని కొన్నాను. ఇంజన్ మేస్త్రిని కదా, ఇంజనే చూశాను. లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవి వేశాను. క్రాంకు లేత్ షాపులో గ్రైండింగ్ చేయించాను. స్టార్ట్ చేస్తే వినడానికి ముచ్చటగా ఉండేది. నాలుగో నెలలో ఉల్లిపాయల బస్తాలతో హనుమంతవాక దగ్గర ఎత్తు ఎక్కుతుంటే, వెనక కమాన్ కట్ట (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బ్రాకెట్ పక్కన చాసీ విరిగింది. బండి నడుము విరిగినట్టు కూలబడింది. ఇంజన్ మాత్రం ఆడుతూనే ఉంది! మా ఆవిడ ఇప్పటికీ ఉల్లిపాయలు తరుగుతూ ఆ లారీని గుర్తు చేస్తుంది.

వెల్డింగ్ చేయించుకోవచ్చు కదా అంటారేమో. తుప్పు తిన్న రేకుకి అతుకు వేస్తే అతుకు నిలుస్తుంది, దాని పక్కన విరుగుతుంది. ఇంజన్ ఎంత పాడైనా డబ్బు పెడితే మళ్లీ కొత్తది అవుతుంది. చాసీకి ఆ వీలు లేదు.

కాబట్టి ముందు బండి కింద దూరాలి. మీ ఆయన్ని పాత చొక్కా వేసుకుని, టార్చిలైటూ చిన్న సుత్తీ పట్టుకుని వెళ్లమనండి. వెనక కమాన్ కట్టలు చాసీకి తగిలే చోట్లు, తొట్టి కింద అడ్డంగా ఉండే దూలాలు, నీళ్లు నిలిచే మూలలు తట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు పట్టింది బొదబొదలాడుతుంది, పెచ్చులు రాలతాయి. కింద అంతా కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే అనుమానించండి, ఆ రంగు ఊరికే వెయ్యరు. సుత్తి ఎందుకు తెచ్చావని అమ్మేవాడు చిరాకు పడితే ఇంకేం చూడక్కర్లేదు, ఇంటికి వచ్చెయ్యమనండి.

చాసీ గట్టిగా ఉంటేనే ఇంజన్ సంగతి. పొద్దున్నే వెళ్లాలి, వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పాలి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే వేడి చేసి పెట్టారన్నమాట. నల్లపొగ అయితే ఇంజెక్టర్లో, ఎయిర్ ఫిల్టరో, టర్బోనో కావచ్చు, ఇంజన్ విప్పక్కర్లేకుండా పోవచ్చు. నీలంపొగ అయితే ఆయిల్ మండుతోంది. ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత తియ్యమనండి. అక్కడ్నించి పొగ బుస్సుబుస్సుమని తన్నుతుంటే దాన్ని మేం బ్యాక్ కంప్రెషన్ అంటాం. రింగులూ లైనర్లూ అరిగాయని అర్థం. పొగ కనపడకుండా చిక్కటి ఆయిల్ పోసి అమ్మేవాళ్లూ ఉన్నారు. బండి చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, నీళ్ల మీద ఆయిల్ జిడ్డు తేలుతోందేమో చూడాలి.

బ్యాక్ కంప్రెషన్ ఉంటే 30 వేల మాట మర్చిపోండి. విప్పాక క్రాంకు, బేరింగులు, పంపు ఒక్కొక్కటే బయటపడతాయి. నా లెక్కలో 70, 80 వేలు పట్టుకోవాలి. అంటే రెండు లక్షల పైమాటే. ఆ పైన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఏడాదికి 16 వేల పైచిలుకు. 8 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. బండి పాతబడేకొద్దీ ఆ ఫీజు కూడా పెరుగుతుంది.

ఆటో వైపు చూస్తే, నెలకి 26 రోజుల లెక్కన 18,200 ఇస్తున్నారు. మీ దారి రానూపోనూ పాతిక కిలోమీటర్ల లోపే, డీజిల్ రోజుకి రెండు లీటర్లకి మించదు. సొంత బండి ఆలోచన తప్పని నేను అనను. మీ ఆయన లెక్క సరైనదే, చూసిన బండి దగ్గరే నా పేచీ. చాసీ బాగుంటే, ఫుల్ ఇంజన్ పని ఉందనే అనుకుని 80 వేలకి అడగండి. లక్ష దాటితే వద్దు. కూరగాయలో, సిమెంటో మోసిన బండి పెందుర్తి, తగరపువలస వైపు దొరికితే, ఇరవై వేలు ఎక్కువైనా నేను దాన్నే తీసుకుంటాను.

కాగితాల్లో ముఖ్యంగా ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉందేమో చూడండి. అప్పు తీరిపోయిందని నోటిమాట చెబితే కుదరదు, ఫైనాన్స్ వాళ్ల కాగితం, ఫారం 35 చేతికి రావాలి. చలాన్లు ఆన్‌లైన్‌లో కనపడతాయి, వాటిని అమ్మేవాడే కట్టాలి. కొన్న 30 రోజుల్లోగా పేరు మార్పుకి పెట్టండి. ఆర్సీలో బండి, సరుకు కలిపిన మొత్తం బరువు 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ అక్కర్లేదు. ఇవన్నీ అయ్యేదాకా గాజులు మీ చేతికే ఉండనివ్వండి. అడ్వాన్సు అంటూ తొందరపెడితే ఐదొందలకి మించి ఇవ్వొద్దు.

మీ మరిది లైసెన్స్ సరిపోతుంది. 7,500 కిలోల లోపు బండికి కారు లైసెన్స్ చాలని, విడిగా బ్యాడ్జి (లైసెన్స్ మీద రవాణా బండి అనుమతి) అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ బరువు వేసుకుని హైవే ఎక్కడం వేరు. మొదటి వారం పక్కన అలవాటున్నవాణ్ణి కూర్చోబెట్టండి.