క్రాస్‌టాక్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. వాక్యం సాఫీగా నడుస్తోంది, ఆ దిగులు అక్కర్లేదు. కానీ "ఒక వాహకమందలి సంకేతము పక్క వాహకములోనికి అవాంఛితముగా ప్రవేశించుట" అని మొదలుపెట్టి రెండు పేజీలు నిర్వచనానికే ఖర్చు పెట్టావు. పాత ల్యాండ్‌లైన్ ఎత్తగానే ఎవరింట్లోనో పెళ్లి సంబంధం బేరాలు వినపడేవి. మన ఇళ్లలో పెద్దవాళ్లు దాన్ని క్రాస్‌టాక్ అనే అనేవాళ్లు. టెలిఫోన్ తీగల మాటే సర్క్యూట్ బోర్డు మీదికీ వచ్చింది. ఆ సంగతి ఒక్క వాక్యంలో గుర్తుచేసి, పాఠకుణ్ణి తిన్నగా రెండు ట్రేసుల (బోర్డు మీది రాగి గీతల) దగ్గరికి తీసుకుపో.

పదాల గురించి ముందే చెప్పేస్తాను. ట్రేస్, గ్రౌండ్ ప్లేన్ (ట్రేసుల కింద పరిచిన రాగి పొర), రైజ్ టైమ్ (సంకేతం ఎక్కడానికి పట్టే సమయం), ఎడ్జ్ (అది ఎక్కే, దిగే అంచు) అని ల్యాబుల్లో ఎలా అంటారో అలాగే రాయి. అగ్రెసర్, విక్టిమ్ మాత్రం మొదటిసారి వచ్చినచోట "గోల చేసే లైను, గోల పడే లైను" అని విప్పిచెప్పు. "పీడక తంత్రి" వద్దు, ఎవరూ అనరు.

అసలు లోపం ఇది. సిమ్యులేషన్ బొమ్మ అతికించి "ఫలితాలు పటంలో చూడవచ్చు" అని వదిలేశావు. బొమ్మలో బంప్ ఉంది. అది ఎంత ఉండాలో పాఠకుడికి ముందే తెలియకపోతే, ఆ బొమ్మ తప్పో ఒప్పో ఎలా పట్టుకుంటాడు? చేతిలెక్క ముందు రావాలి, సిమ్యులేషన్ తర్వాత రావాలి. లెక్కకి లొంగే అంకెలు నువ్వే ఎంచుకో. నేనైతే ఇవి తీసుకుంటాను.

పక్కపక్కనే 100 మిల్లీమీటర్లు నడిచే రెండు మైక్రోస్ట్రిప్ ట్రేసులు, అంటే పైపొర మీద నడిచేవి, కింద మాత్రమే ప్లేన్ ఉన్నవి. మీటరుకి ఇండక్టెన్స్ 300 నానోహెన్రీలు, మొత్తం కెపాసిటెన్స్ 120 పికోఫారడ్లు. ఇంపెడెన్స్ సరిగ్గా 50 ఓములు, ఆలస్యం మిల్లీమీటరుకి 6 పికోసెకన్లు, అంటే ఈ పొడవుకి 600. ఎఫ్ఆర్-4 బోర్డు పైపొరకి ఇది దగ్గరి అంకే. రెండు ట్రేసుల మధ్య కెపాసిటెన్స్ మీటరుకి 6 పికోఫారడ్లు, మ్యూచువల్ ఇండక్టెన్స్ 30 నానోహెన్రీలు. మొత్తంతో వీటి నిష్పత్తులు: 6/120 అంటే 0.05, 30/300 అంటే 0.10. సోర్స్ 3.3 వోల్టులు, 50 ఓముల రెసిస్టర్ ద్వారా ఇస్తున్నాం కనుక లైను మీద నడిచే అల 1.65 వోల్టులు. రైజ్ టైమ్ 500 పికోసెకన్లు. నాలుగు చివర్లకీ 50 ఓములు.

దగ్గరి చివర (విక్టిమ్ లైనులో సోర్స్ వైపుది; అవతలిది దూరపు చివర) గోలకి రెండు నిష్పత్తులూ కూడి నాలుగో వంతు తీసుకోవాలి: 0.0375. దాన్ని 1.65తో గుణిస్తే 62 మిల్లీవోల్టులు. దూరపు చివరకి కెపాసిటెన్స్ నిష్పత్తిలోంచి ఇండక్టెన్స్ నిష్పత్తి తీసేసి, సగం చేసి, ఆలస్యాన్ని రైజ్ టైమ్‌తో భాగించిన అంకె (ఇక్కడ 1.2) తో, 1.65తో గుణించాలి. మైనస్ 50 మిల్లీవోల్టులు దాకా వస్తుంది. ఆ మైనస్ దగ్గర పాఠకుణ్ణి కాసేపు నిలబెట్టు. ఎక్కే ఎడ్జ్‌కి పక్క లైను కిందికి దిగడం ఏమిటని వాడికి అనుమానం రావాలి.

దాన్ని తీర్చడానికి సిమ్యులేటర్‌ని మించింది లేదు. ఎల్‌టీస్పైస్ ఉచితంగా దొరుకుతుంది కనుక అందులోనే చూపించు. అందులోని మామూలు టీ-లైన్ (ట్రాన్స్‌మిషన్ లైన్) భాగం ఒంటి లైనుదే, పక్కదాంతో కలపడం దానికి రాదు. కాబట్టి లైనుని ముక్కలుగా కోసి నిచ్చెన కట్టాలి. ఒక్కో ముక్క ఆలస్యం రైజ్ టైమ్‌లో పదోవంతు దాటకూడదు. 5 మిల్లీమీటర్ల ముక్కలు 20 తీసుకుంటే ఒక్కోటి 30 పికోసెకన్లు, సరిపోతుంది. ఒక ముక్కలో ప్రతి లైనుకీ 1.5 నానోహెన్రీల ఇండక్టర్, గ్రౌండ్‌కి 0.57 పికోఫారడ్లు, రెండింటి మధ్య 0.03 పికోఫారడ్లు, ఇండక్టర్ల జతకి కె (రెండూ ఎంత గట్టిగా కలిశాయో చెప్పే అంకె) విలువ 0.1. దీన్ని సబ్‌సర్క్యూట్ చేసి 20 సార్లు గొలుసుగా కలపమను.

0.57 ఎందుకు, 0.6 ఎందుకు కాదు అన్నది తప్పక రాయి. మీటరుకి 120 అన్నది మొత్తం, పక్క ట్రేస్‌వైపు పోయే 6 అందులోదే. మిగిలిన 114 మాత్రమే గ్రౌండ్‌కి పోతుంది. అదే 6ని రెండుసార్లు లెక్కేసేవాళ్లు చాలామంది.

పల్స్‌కి 1 నానోసెకను ఆలస్యం, 500 పికోసెకన్ల ఎక్కుడు పెట్టి, 6 నానోసెకన్లు నడిపించు. గరిష్ఠ టైమ్ స్టెప్ 5 పికోసెకన్లు. ఎక్కే సమయం దగ్గర సున్నా వేస్తే సిమ్యులేటర్ తనకి తోచిన విలువ పెట్టుకుంటుంది, అప్పుడు ఏ లెక్కా కుదరదు. ఇప్పుడు మూడు పరుగులు. మొదటిది కె తీసేసి: దగ్గరి చివర 21 మిల్లీవోల్టులు పైకి, దూరపు చివర 50 పైకి. రెండోది మధ్య కెపాసిటర్లు తీసేసి, గ్రౌండ్ కెపాసిటర్ 0.6 చేసి, కె తిరిగి పెట్టి: దగ్గర 41 పైకి, దూరాన 99 కిందికి. మూడోది రెండూ కలిపి. కెపాసిటర్ పోసిన కరెంటు విక్టిమ్‌లో రెండు వైపులకీ సమానంగా చీలుతుంది. ఇండక్టర్ తోసింది అగ్రెసర్ కరెంటుకి ఎదురు తిరుగుతుంది. దగ్గరి చివర రెండూ ఒకే పక్షం, దూరపు చివర తగువు. మైక్రోస్ట్రిప్‌లో ఫీల్డు కొంత గాలిలో ఉంటుంది కనుక ఇండక్టర్‌దే పైచేయి. లోపలి పొరలో, రెండు ప్లేన్ల మధ్య నడిచే స్ట్రిప్‌లైన్‌లో రెండు నిష్పత్తులూ సమానం, దూరపు చివర గోల దాదాపు మాయం.

మూడో పరుగు బొమ్మని టైమ్‌తో సహా వర్ణించు. దగ్గరి చివర 1 నానోసెకను దగ్గర లేచి, 1.5కి 62 చేరి, బల్లపరుపుగా సాగి, 2.2 దగ్గర దిగడం మొదలై 2.7కి సద్దుమణుగుతుంది. దూరపు చివర 1.6 నుంచి 2.1 దాకా ఒక్క గుంట. తర్వాత పొడవు రెట్టింపు చేయించు. దగ్గరిది ఎత్తు మారకుండా వెడల్పవుతుంది, దూరానిది రెట్టింపు లోతవుతుంది. రైజ్ టైమ్ సగం చేస్తే దూరానిది మళ్లీ రెట్టింపు, దగ్గరిది 62 దగ్గరే. పొడవు మళ్లీ 100 మిల్లీమీటర్లే ఉంచి, ఎడ్జ్ 2.4 నానోసెకన్లకి మందగిస్తే దగ్గరిది 31కి పడుతుంది, ఎందుకంటే పోయిరావడానికి పట్టే 1.2 నానోసెకన్లు ఎడ్జ్‌లో సగమే.

తప్పులు ఎలా కనిపిస్తాయో రాయడం నీ వ్యాసానికి ప్రాణం. దగ్గరి చివర మైనస్ 21, దూరాన ప్లస్ 149 వచ్చాయా? ఒక వరస ఇండక్టర్లు తిరగబడ్డాయి, ఇండక్టర్ ఏ చివర మొదలో చూపే చుక్కల గుర్తులు చూసుకోవాలి. ఎడ్జ్ వెనక సన్నటి వణుకు కనిపిస్తే ముక్కలు తక్కువయ్యాయి. అయిదు ముక్కలతో నడిపితే ఈ బొంకు రింగింగ్ బాగా కనిపిస్తుంది, కావాలని చూపించు. సబ్‌సర్క్యూట్ లేకుండా రెండు ముక్కల నాలుగు ఇండక్టర్లనీ ఒకే కె వాక్యంలో రాస్తే ప్రతిదీ ప్రతిదాంతో కలిసిపోతుంది. జతకొక కె ఉండాలి.

నీ బోర్డు విలువలు ఎక్కణ్ణుంచి తేవాలని అడుగుతారు. బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కైక్యాడ్ కాలిక్యులేటర్‌లో కపుల్డ్ మైక్రోస్ట్రిప్ ఉంది, ఈవెన్ (రెండు లైన్లూ ఒకే దిక్కుకి మారినప్పటి), ఆడ్ (ఎదురెదురుగా మారినప్పటి) ఇంపెడెన్స్‌లు ఇస్తుంది. వాటి తేడాని మొత్తంతో భాగించి సగం చేస్తే దగ్గరి చివర అంకె. మన ఉదాహరణలో 53.8, 46.3 వస్తాయి, లెక్కేస్తే మళ్లీ అదే 0.0375.

"ట్రేసుల మధ్య వెడల్పుకి మూడు రెట్లు దూరం ఉంచితే చాలు" అని రాశావు. దీంతో నాకు పేచీ ఉంది. గోలని నిర్ణయించేది ట్రేస్ వెడల్పు కాదు, కింద ప్లేన్ ఎంత దగ్గరగా ఉందన్నది. నడిమి నుంచి నడిమికి దూరాన్ని ప్లేన్ ఎత్తుతో భాగించి, వర్గం చేసి, ఒకటి కలిపి, తలకిందులు చెయ్యి. గోల ఎంతో ఉజ్జాయింపుగా దాన్నిబట్టి పోల్చుకోవచ్చు. 0.2 మిల్లీమీటర్ల ట్రేసులు 0.6 దూరంలో ఉన్నాయనుకో. ప్లేన్ 0.2 కింద ఉంటే 0.1, 0.1 కిందకి జరిపితే 0.027. మన విద్యార్థులు చేయించే రెండు పొరల 1.6 మిల్లీమీటర్ల బోర్డు మీద అదే దూరానికి 0.88. అక్కడ మూడు రెట్ల సూత్రం పాటించినా పాటించకపోయినా ఒకటే. ఇక రెండింటి మధ్య అడ్డుగా వేసే గార్డ్ ట్రేస్ గురించి ఒక్క వాక్యం చాలు: దారి పొడవునా వయాలతో (పొరల్ని కలిపే రాగి రంధ్రాలతో) ప్లేన్‌కి కుట్టకపోతే అదే గోలని మోసుకొస్తుంది.

నాలుగు చివర్లకీ 50 ఓములు పెట్టడం లెక్క తేలిక కోసమేనని కూడా ఒప్పుకో. నిజం బోర్డులో విక్టిమ్ డ్రైవరు 10 ఓములుండొచ్చు, అవతల సీమాస్ ఇన్‌పుట్ తెరిచినట్టే. దగ్గరి చివర గోల డ్రైవరుకి తగిలి తలకిందులై దూరానికి పోతుంది, అక్కడి గుంటతో కలిసి రెట్టింపవుతుంది. ఇదే ఉదాహరణలో సుమారు 180 మిల్లీవోల్టులు. రెండు పక్కలా ఒకేసారి మారే లైన్లుంటే 360. అగ్రెసర్లు పైనుంచి కిందికి పడితే ఇది పైకి లేచే బంప్. ఇన్‌పుట్ "లో" (సున్నా) అని గుర్తించే హద్దు 0.8 వోల్టులైనచోట దాదాపు సగం తినేసింది.

రిబ్బన్ కేబుల్ ఉదాహరణ ఒకటి దగ్గరగా చూపిస్తే బాగుంటుంది. పాత హార్డ్ డిస్కుల ఐడీఈ కేబుల్‌లో 40 తీగలుండేవి. అల్ట్రా డీఎంఏ-66 వేగానికి 80 తీగలు వచ్చాయి. కనెక్టర్ మాత్రం అదే 40 పిన్నులది! పెరిగిన 40 తీగలూ గ్రౌండే, ఒక్కో సిగ్నల్ మధ్యా ఒకటి.

కొలత గురించి నువ్వేమీ రాయలేదు. 500 పికోసెకన్ల ఎడ్జ్ చూడాలంటే 0.35ని దాంతో భాగించు, కనీసం 700 మెగాహెర్ట్జ్ ఆసిలోస్కోప్ కావాలి. కాలేజీ ల్యాబులోని 100 మెగాహెర్ట్జ్ స్కోప్‌లో ఆ 50 మిల్లీవోల్టుల గుంట పది చుట్టుపక్కలకి కరిగిపోయి కనిపిస్తుంది. అది చూసి క్రాస్‌టాక్ లేదనుకుంటారు. ఇంకొకటి, ప్రోబ్ గ్రౌండ్ తీగ పొడుగ్గా ఉంటే అదే ఒక లూప్. ప్రోబ్ మొనని దాని గ్రౌండ్ క్లిప్‌కే తగిలించి బోర్డు దగ్గర పట్టుకోమను, అప్పటికీ ఏదైనా కనిపిస్తే అది ప్రోబ్ పట్టిన గోల.

ఈసారి బొమ్మతోపాటు ఎల్‌టీస్పైస్ ఫైలు కూడా పంపు, మూడు పరుగులూ విడివిడిగా. నిలువు గీత మీద మిల్లీవోల్టులు స్పష్టంగా కనపడాలి. చిత్తుప్రతిలోని బొమ్మలో దగ్గరి చివర కిందికి దిగుతోంది. కె కింద చుక్కలు ఒకసారి చూసుకో.

ఉంటాను,
అన్నయ్య