ముందు ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత స్టెంట్ వేశారు: తప్పు జరిగిందా?

ప్రశ్న: మా నాన్నగారికి 59 ఏళ్లు, షుగర్ ఉంది. నెల కిందట నర్సీపట్నంలో గుండెపోటు వస్తే, అక్కడే గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చి విశాఖ పంపారు. మర్నాడు ఇక్కడ స్టెంట్ వేశారు. నేరుగా వైజాగ్ తెచ్చేయాల్సిందని బంధువులు అంటున్నారు. బైపాస్ చేయించేస్తే ఇక బెంగ ఉండదని ఇంకొందరు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ వల్ల తప్పేమీ జరగలేదండి. ఆ ఇంజెక్షన్ అక్కడే పడటం మంచిదైంది. నర్సీపట్నం నుంచి అంబులెన్స్ రావడానికే రెండు గంటలు దగ్గర పడుతుంది. ఆపైన స్టెంట్ వేసే గది, అంటే క్యాత్‌ల్యాబ్, సిద్ధం కావాలి. ఈలోగా గుండె కండరం చచ్చుబడుతూనే ఉంటుంది.

ఈసీజీలో తేలాక 120 నిమిషాల్లోపు నాళం తెరిచే వీలుంటే నేరుగా యాంజియోప్లాస్టీయే (బెలూన్‌తో నాళం తెరిచి స్టెంట్ వేయడం) మేలు. డెన్మార్క్‌లో ఇంజెక్షన్, యాంజియోప్లాస్టీ రెండు పద్ధతులనూ పోల్చి 16 ఏళ్లు గమనిస్తే, ఆ మేలు నిలిచే ఉంది. కానీ అక్కడ చాలామందిని రెండు గంటల్లోపే పెద్దాసుపత్రికి చేర్చారు. అంత త్వరగా చేర్చలేనప్పుడు ముందు ఇంజెక్షన్, 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ (నాళాల్లో అడ్డులు చూసే పరీక్ష). నొప్పి మొదలైన మూడు గంటల్లోపు వచ్చినవారిలో ఈ రెండు దారులనూ పోల్చిన 2013 నాటి పరిశోధనలో, ఏడాది తర్వాత మరణాల్లో పెద్ద తేడా లేదు. ఇంజెక్షన్‌తో మెదడులో రక్తస్రావం ముప్పు కాస్త ఎక్కువే. నాన్నగారు అది దాటేశారు.

బైపాస్ సంగతి యాంజియోగ్రామ్ రిపోర్టే చెప్పాలి. అడ్డు ఒక్క నాళంలోనే ఉండి, దానికి స్టెంట్ పడిపోతే ఆపరేషన్ ఎందుకు? షుగర్ ఉండి రెండు మూడు నాళాల్లో అడ్డులుంటే మాత్రం లెక్క వేరు. అలాంటివారిపై 2012లో వచ్చిన పరిశోధనలో ఐదేళ్లలో మరణాలు స్టెంట్ వేసినవారిలో నూటికి 16, బైపాస్ అయినవారిలో 11. అయితే బైపాస్ అయినా మందులు తప్పవు.

మందులంటే గుర్తొచ్చింది. మొన్న ఒకాయన బీచ్ రోడ్డులో రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తున్నానంటూ మందుల సంచి బల్ల మీద పెట్టారు. రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ స్ట్రిప్పులో రెండు మాత్రలే ఖాళీ. పన్ను పీకించుకోవడానికి ఆపి, మళ్లీ మొదలుపెట్టడం మర్చిపోయారట! కొత్త స్టెంట్‌లో గడ్డ కట్టడానికి అది చాలు. ఆస్పిరిన్‌తో పాటు ఆ రెండో మాత్ర మామూలుగా ఏడాది వాడాలి. గుండె డాక్టర్‌ని అడగకుండా ఆపొద్దు. చెడు కొలెస్ట్రాల్ 70 కిందకి, వీలైతే 55 కిందకి రావాలి.

ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు రెండు అడగండి: ఎకోలో గుండె పంపింగ్ ఎంత శాతం ఉంది, మిగతా నాళాల్లో అడ్డులున్నాయా?