బొమ్మ ఒక్కసారే కొంటాం, రంగు ప్రతిసారీ వేయాలి

ప్రశ్న: డిజిటల్ స్టాంపులతో (కంప్యూటర్ ఫైలుగా కొని, ప్రింట్ తీసి రంగు వేసుకునే గీతబొమ్మలు) చేత్తో గ్రీటింగ్ కార్డులు చేయడం నా సరదా. చూసినవాళ్లంతా అమ్మొచ్చు కదా అంటున్నారు. ఎనిమిదేసి కార్డుల సెట్లు చేసి అమ్మాలని ఉంది. బొమ్మ ఒకసారి కొంటే ఎన్నిసార్లయినా ప్రింట్ తీసుకోవచ్చు కాబట్టి ఖర్చు పెద్దగా ఉండదని నా లెక్క. కాకపోతే కొత్త ప్రింటర్, కటింగ్ మెషిన్, పెద్ద మార్కర్ల సెట్ కావాలి. వాటికోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ మధ్యలో తీసేయనా, ఈఎంఐలో కొననా? రంగు, కటింగ్, అతికింపు కలిపి ఒక్కో కార్డుకు 50 నిమిషాలు పడుతోంది. ప్రతినెలా కొత్త బొమ్మలు పంపే ఒక క్లబ్‌కు డబ్బు కూడా కడుతున్నాను, అందులో చాలా ఫైళ్లు ఇంకా తెరవనే లేదు.

జవాబు: డిపాజిట్ తీయొద్దు, ఈఎంఐ కూడా పెట్టుకోవద్దు. అలాగని కార్డులు అమ్మొద్దని అనడం లేదు. మీరు కొనాలనుకుంటున్న మూడు వస్తువుల్లో ఏదీ మీ అసలు ఇబ్బందిని తీర్చదు. ఆ ఇబ్బంది మీ ఉత్తరంలోనే ఉంది: 50 నిమిషాలు.

ఎనిమిది కార్డులకు 400 నిమిషాలు, అంటే 6 గంటల 40 నిమిషాలు. దాదాపు ఒక రోజు ఉద్యోగం. సెట్ ఎంతకు అమ్ముదామనుకుంటున్నారో ఒక కాగితం మీద రాయండి. అందులోంచి కాగితం, కవర్లు, ఇంకు, ప్యాకింగ్, పోస్టేజీ, ఎవరి ద్వారానైనా అమ్మితే వాళ్ల కమిషన్ తీసేయండి. మిగిలినదాన్ని ఆ గంటలతో భాగించండి. వచ్చిన అంకె చూశాక, ఆ జీతానికి ఇంకొకరి దగ్గర పని చేస్తారా అని మిమ్మల్ని మీరే అడగండి. చాలామంది ఈ భాగహారం చేయరు, చేస్తే సరదా పోతుందని భయం.

బొమ్మ ఉచితంలాగా కనిపించడానికి కారణం ఉంది. రబ్బరు స్టాంపుకు బదులు కంప్యూటర్ ఫైలు వస్తుంది. పెద్దది చేయొచ్చు, చిన్నది చేయొచ్చు, ఎడమవైపు చూసే పిట్టను కుడివైపు తిప్పొచ్చు. అరుగుదల లేదు, బీరువాలో చోటు అక్కర్లేదు. ఇవన్నీ నిజమైన ఆదాలే. కానీ కార్డులో ఎక్కువ ఖరీదైన భాగం ఎప్పుడూ గీత కాదు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ కోసం జాన్ కాల్కాట్ హార్స్‌లీ గీసిన తొలి వాణిజ్య క్రిస్మస్ కార్డు సంగతే చూడండి: గీతలు రాతి అచ్చులో పడ్డాయి, రంగులు మాత్రం చేత్తో వేయాల్సి వచ్చింది. మీరు ఇప్పుడు చేస్తున్న పని కూడా అదే పద్ధతి.

కాబట్టి ముందు నిమిషాలు తగ్గించండి, దానికి డబ్బు అక్కర్లేదు. మొత్తం సెట్‌కు నాలుగే రంగులు ఎంచుకోండి. సన్నసన్న ఆకులు, లేసులు, జడలు నిండిన బొమ్మలు మీ సొంత వాళ్లకిచ్చే కార్డులకు ఉంచుకుని, అమ్మేవాటికి పెద్ద ఖాళీలున్న గీతబొమ్మలు వాడండి. ఎనిమిదింటిలోనూ ఆకుపచ్చ ఒకేసారి, తర్వాత ఎరుపు ఒకేసారి వేయండి. పెన్ను మార్చడం తగ్గుతుంది, పైగా ఎనిమిదీ ఒక సెట్‌లా కనిపిస్తాయి. బొమ్మ అంచు వెంట కత్తిరించే బదులు దాన్ని దీర్ఘచతురస్రం ముక్క మీదే ప్రింట్ చేస్తే నేరుగా నాలుగు కోతలు చాలు. అప్పుడు కటింగ్ మెషిన్ ఎందుకో మీరే చెప్పండి. కార్డుకు 25 నిమిషాలకు దిగితే సెట్‌కు 3 గంటల 20 నిమిషాలు. ధర పెంచకుండానే మీ గంట విలువ రెట్టింపవుతుంది.

కాగితం లెక్క చిన్నదే. ఎ4 అట్టను సగానికి కోసి మడిస్తే ఎ6 కార్డు (105 × 148 మి.మీ.) వస్తుంది. సెట్‌కు నాలుగు అట్టలు, బొమ్మల ముక్కలకు ఇంకో రెండు షీట్లు, సి6 కవర్లు ఎనిమిది. పాడైపోయే ప్రింట్లకు ఇంకో షీటు కలపండి. అట్ట మందం కొనేముందు మీ ప్రింటర్ ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువో చెప్పే అంకె) దాకా తీసుకుంటుందో మాన్యువల్‌లో చూడండి. ఇరుక్కుపోయిన అట్ట కూడా ఖర్చే.

ప్రింటర్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ఇంట్లో ఇంక్‌జెట్ ఉంటే, అందులో ఉన్నది డై ఇంకు (నీటిలో కరిగే రకం) అయితే, నీటిరంగు తగలగానే గీత కరిగి పాకుతుంది. ఆల్కహాల్ మార్కర్ తగిలినా కొన్ని ఇంకులు పాకుతాయి. దీనికి కొత్త యంత్రమే మందు అనుకోకండి. కలర్ పెన్సిళ్లతో వేస్తే ఆ సమస్యే రాదు. మార్కర్లే కావాలంటే గీతలు బయట లేజర్ ప్రింట్ తీయించుకోండి. 1987లో జపాన్‌లో వచ్చిన కాపిక్ మార్కర్లకు ఆ పేరు రావడానికి కారణం ఫోటోకాపీ టోనర్ (లేజర్ ప్రింటర్‌లోనూ వాడే పొడి ఇంకు) గీతల్ని అవి కరిగించకపోవడమే. ఏదైనా సరే, ముందు ఒక ప్రింట్ పాడుచేసి చూసుకుని మిగతావి తీయించండి. ఇంక్‌జెట్‌కు ఇంకో గుణం ఉంది: నెలల తరబడి వాడకపోతే నాజిల్స్ (ఇంకు బయటికొచ్చే సన్నటి రంధ్రాలు) మూసుకుపోతాయి, శుభ్రం చేయడానికి అదే ఇంకు తాగుతుంది. సీజన్‌లో మాత్రమే ప్రింట్ తీసేవాళ్లకు సొంత యంత్రం ఎప్పుడూ చవక కాదు.

ఇక మార్కర్లు. కాపిక్‌లో స్కెచ్ అనే రకంలోనే 358 రంగులున్నాయి, చూస్తే ఎవరికైనా చేయి ఆగదు. మీ సెట్‌కు నాలుగు రంగులు, ఒక్కోదానిలో లేత, మధ్యస్థం, ముదురు: మొత్తం పన్నెండు. విడిగా అమ్మే కంపెనీవి, ఇంకు మళ్లీ నింపుకునే రకం చూసి కొనుక్కోండి. పెద్ద పెట్టె కొంటే సగం పెన్నులు మూత తీయకుండానే ఉండిపోతాయి.

దీనికంటే ముఖ్యమైనది లైసెన్సు. ఫైలుకు డబ్బు కట్టినంత మాత్రాన బొమ్మ మీది కాదు, కాపీరైటు గీసినవారి దగ్గరే ఉంటుంది. కొన్నిటిని సొంతానికే వాడాలి. కొందరు చేత్తో చేసిన కార్డులు అమ్ముకోవచ్చంటూ యాంజెల్ పాలసీ అనే అనుమతి ఇస్తారు, అందులోనూ ఇన్ని కార్డుల వరకే అనో, వెనక పేరు రాయాలనో షరతులు ఉండొచ్చు. ఫైలును ఇంకొకరికి పంపడం, రంగు వేయని ప్రింట్లు అమ్మడం మామూలుగా కుదరదు. శుభాకాంక్షల అక్షరాలకు వాడే ఫాంట్‌కు కూడా లైసెన్సు ఉంటుందన్న సంగతి చాలామందికి తట్టదు. కాబట్టి "ఎన్నిసార్లయినా" అన్న మీ మాట ప్రతి ఫైలుకూ వర్తిస్తుందో లేదో ముందు తేల్చుకోండి. కొన్ననాటి షరతుల కాపీని తేదీ వేసి బిల్లుతోపాటు దాచండి.

ఇప్పుడు అప్పు సంగతి. కార్డుల అమ్మకం పండగల ముందు ఒక్కసారిగా వస్తుంది, ఈఎంఐ మాత్రం ప్రతినెలా వస్తుంది. ఆ రెండింటికీ పొసగదు. డిపాజిట్‌ను ముందే తీస్తే సాధారణంగా వడ్డీ తగ్గించి ఇస్తారు. అది మీ ఆరు నెలల ఇంటి ఖర్చుకు దాచిన సొమ్మే అయితే దాని జోలికి అసలు వెళ్లొద్దు. మొదటి సెట్లను మీ నెలవారీ సరదా ఖర్చులోంచి, ఉన్న సామాన్లతో చేయండి. పుట్టినరోజు, ధన్యవాదాలు, లోపల ఏమీ రాయని కార్డులు ఎక్కువ పెట్టుకోండి. సంవత్సరం అచ్చువేసిన కార్డు మిగిలితే మళ్లీ అమ్ముడుపోదు, పెట్టిన డబ్బు దాంట్లోనే ఇరుక్కుంటుంది. ఫోమ్ ముక్కలతో పొరలు పొరలుగా లేపిన కార్డులు అందంగానే ఉంటాయి, కానీ చాలా దేశాల్లో పోస్టేజీకి బరువుతోపాటు మందం కూడా లెక్క. ధర చెప్పేముందు ఒక కవర్ నింపి తూచి, కొలిచి చూడండి.

కార్డుల డబ్బుకు వేరే ఖాతా పెట్టండి. ప్రతి సెట్ మీద మీ గంటల కూలి ముందు తీసుకోండి, బంధువులకు ఊరికే ఇచ్చిన కార్డుల ఖర్చు అందులో కలపకండి, బిల్లులన్నీ పన్ను లెక్కకు ఉంచండి. కూలి పోగా ఆ ఖాతాలో మిగిలిన సొమ్ముతో యంత్రం కొనగలిగిన రోజున నన్ను అడగకుండానే కొనుక్కోండి. అప్పటికి అది అక్కర్లేదని మీకే అనిపించినా ఆశ్చర్యపోను.

నెలవారీ క్లబ్‌ను మాత్రం ఈ నెలలోనే ఆపండి. ఆపేముందు రెండు పనులు: సభ్యత్వం పోయాక కూడా పాత బొమ్మలతో చేసిన కార్డులు అమ్ముకోవచ్చా అని షరతుల్లో చూడండి, డౌన్‌లోడ్ లింకులు పనిచేస్తున్నప్పుడే ఫైళ్లన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తెరవని ఆ ఫైళ్లలో మొదటి సెట్‌కు సరిపడా బొమ్మలు దొరుకుతాయనే అనుకుంటున్నాను.